సరసమ్మ గోడ పడలేదు

తమిళనాడులో ఇండూరు దాటి ధర్మపురి వైపు రెండు మైళ్లు వస్తే రోడ్డు దిగువన ఒక కొట్టాయి ఉంది. ఈ వైపు చిన్న పల్లెను కొట్టాయి అంటారు. పదిహేడు ఇళ్లు, ఒక చేతిపంపు, ఫోను ఉన్న ఒక అంగడి. ఉన్నవాళ్లంతా మన్నుపని వాళ్లే. వాళ్ల తాతల తాతలు చెరువులు తవ్వడానికి ఉత్తరం నుంచి వచ్చారు, తవ్వడం అయ్యాక తిరిగి వెళ్లడం మరిచిపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు చదవడం ఎవరికీ రాదు. రాకపోయినందువల్ల తెలుగుకు గాని వాళ్లకు గాని పెద్ద నష్టం జరిగినట్టు లేదు.

ఆ పదిహేడు ఇళ్లలో పదకొండింటి గోడలు సరసమ్మ చేతివి. గోడ లేపడం మగవాళ్ల పని, మన్ను తొక్కి అందించడం ఆడవాళ్ల పని అని అక్కడ ఒక ఏర్పాటు ఉండేది. సరసమ్మ మొగుడు అంజనప్పకు ఆ ఏర్పాటు మీద గౌరవం ఉంది గాని చేతిలో సూటి లేదు. అతను లేపిన గోడ మూడో వరసకే పక్కింటి వైపు తొంగి చూసేది. పెళ్లైన రెండో ఏడు సరసమ్మ గంప కింద పెట్టి, నువ్వు తొక్కు, నేను పెడతాను అంది. ఊరు నాలుగు రోజులు నవ్వింది. ఐదో రోజు గోడ చూశాక, తమ ఇంటికి ఎప్పుడు వస్తావని అడగడం మొదలుపెట్టింది. ఇందులో స్త్రీ విముక్తి వెతికేవాళ్లకు నిరాశే మిగులుతుంది. వంకర గోడ కింద పడుకోవడం ఆమెకు భయం, అంతే.

మన్నుగోడను ముద్ద మీద ముద్దగా పెడతారు. తొడ ఎత్తు ఒక వరస లేపి ఎండకు వదిలేయాలి. మూడు రోజులాగి, బొటనవేలు నొక్కితే దిగనంత బిగిశాక దాని మీద ఇంకో వరస. తొందరపడితే కింది వరసకు పొట్ట వస్తుంది. ఐదు వరసలైతే గోడ దూలాన్ని అందుకుంటుంది. దీనికి కొత్త మన్ను కన్నా పడిపోయిన గోడ మన్నే మేలు. గడ్డి, పేడ, ఏళ్ల తరబడి ఆ ఇంటి పొగ, అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. ఒకసారి గోడైన మన్ను రెండోసారి గోడ కావడానికి మొరాయించదు. అయితే తడిగా ఉండగానే తొక్కాలి. ఎండి గడ్డ కట్టిందంటే సుత్తితో పగలగొట్టి, నీళ్లు మోసి నానబెట్టాలి. అప్పుడు అది మన్నుపని కాదు, రాతిపని.

రెండు వేల అయిదో సంవత్సరం దీపావళి ముందు వచ్చిన వానకు ఈ ఇళ్లలో ఎనిమిదింటి గోడలు ఒక్క సాయంత్రం పడ్డాయి. వానను తిట్టడం తేలిక, అది బదులు చెప్పదు. అసలు కథ దానికి రెండేళ్ల ముందు, వాన లేని రోజుల్లో మొదలైంది. వరసగా మూడేళ్లు ఎండిపోతే ప్రభుత్వం కరువు పని పెట్టింది. కొట్టాయికి పల్లపు వైపున ఉన్న బండ్లదారిని మన్ను పోసి నడుమెత్తు లేపాలి, కూలికి బియ్యం ఇస్తారు. నీళ్లు వచ్చేది కొండ వైపు నుంచి, పోవాల్సింది ఆ దారి అవతలి వాగుకు. దారి ఎత్తైతే కట్ట అవుతుందని మన్నుపని వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. నీళ్లు పోయే గొట్టం ఎక్కడ వేస్తారు సార్ అని సరసమ్మ ఇంజనీరును అడిగింది. గొట్టం ఎస్టిమేట్లో లేదన్నాడు. అయినా నీళ్లెక్కడున్నాయమ్మా అని ఎండిన వాగును చూపించాడు. ఆ పూటకు అతని మాట అబద్ధం కాదు. సరసమ్మ మన్ను మోసింది, బియ్యం తెచ్చి వండింది. ఆ బియ్యం తిననివాళ్లు ఆ రోడ్డును తిట్టవచ్చు. ఆమె తింది కాబట్టి తిట్టలేదు.

వాన మొదలైన రెండో రోజుకు నీళ్లు ఆ రోడ్డుకు ఆనుకుని ఇళ్ల మధ్య మోకాలి లోతు నిలిచాయి. రోడ్డుకు గండి కొడితే ఒక్క పూటలో దిగిపోతాయి. కాని అది ప్రభుత్వ రోడ్డు. అడగడానికి అంజనప్పతో పాటు నలుగురు గ్రామాధికారి దగ్గరికి పోయారు. గ్రామాధికారి రాజమాణిక్కం చెడ్డవాడు కాదు, గొడుగు కింద నిలబడి అంతా విన్నాడు. పై ఆఫీసును అడగాలన్నాడు, పై ఆఫీసుకు ఫోను పోలేదు. రోడ్డు ఒక శాఖది, నీళ్లు ఇంకొక శాఖవి, ఇళ్లు ఏ శాఖవీ కావు. మూడో రోజు మధ్యాహ్నం సరసమ్మ అందరినీ తిట్టి పక్క ఊరి బడిలోకి తోలి, తన ఇంటి పైపెంకులు దింపించి, దూలానికి గుంజలు ఊతం పెట్టించి, గడ్డపార తీసుకుని తనే రోడ్డెక్కింది. రెండు గంటల్లో నీళ్లు వాగులో పడ్డాయి. కాని గోడలు అప్పటికే తాగవలసినంత తాగేశాయి. పొద్దుగూకేలోగా ఒకదాని వెనుక ఒకటి కూర్చున్నాయి. సరసమ్మ ఇంటి ముందు గోడ, రెండు పక్క గోడలు బయటికి పడుకున్నాయి. కప్పు అస్థిపంజరంలా గుంజల మీద నిలిచింది. మనిషికి గాని మేకకు గాని దెబ్బ తగల్లేదు.

మర్నాడే జీపు వచ్చింది, రోడ్డును చూడడానికి. టేపు పెట్టి గండిని కొలిచారు, ఫోటో తీశారు, ఎవరు కొట్టారని అడిగారు. వానే కొట్టిందని పదిహేడిళ్ల వాళ్లూ ఒక్క గొంతుతో చెప్పారు. నాలుగు రోజుల్లో గండి పూడ్చేశారు. గొట్టం లేకుండానే.

ఇళ్ల సంగతి రాజమాణిక్కం రోడ్డు మీద నిలబడే చెప్పాడు. పరిశీలన బృందం వస్తుంది, ప్రతి ఇంటినీ చూసి, ఫోటో పట్టి, నష్టం రాసుకుంటుంది. అంతవరకు పడిన మన్నును ఎవరూ తాకకూడదు. తాకితే సాక్ష్యం పోతుంది, సాయమూ పోతుంది. ఈ చివరి మాట ఊళ్లోకి బాగా దిగింది. బడిలో మూడు రోజులు పులిహోర పొట్లాలు తిని వచ్చిన జనం ఎవరి మన్నుకుప్ప ముందు వాళ్లు కాపలా కూర్చున్నారు. మేకలు తొక్కకుండా, కోళ్లు కెలకకుండా. అంజనప్ప ఒక అడుగు ముందుకేసి, టమేటా మడికి వేసినట్టు కుప్ప చుట్టూ ముళ్లకంచె వేశాడు. తన గోడ నిలబడి ఉన్నప్పుడు దానికి అంత మర్యాద అతనెన్నడూ చెయ్యలేదు.

సరసమ్మ మాత్రం కుప్పను వేరే కంటితో చూస్తోంది. వాన వెలిసింది, ఎండ కాస్తోంది. మన్ను తొక్కడానికి సరిగ్గా వచ్చింది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటుంది, ఆ తర్వాత ఉండదు.

ఆమెకు తొందర వేరే ఉంది. ఒక్కగానొక్క కూతురు ఉషాను పాలకోడులో ఇచ్చారు. ఎనిమిదో నెల నిండుతోంది. కార్తీకంలో ఒక శుక్రవారం కాన్పుకు తీసుకురావాలని వానలకు ముందే రోజు పెట్టుకున్నారు. మొదటి కాన్పు పుట్టింటిదే. అయితే వియ్యపురాలు మునెమ్మకు ఇది మొదటినుంచీ మనసులో లేదు. మాకు సిమెంటు ఇల్లు, ఆస్పత్రి కూతవేటు దూరం, అక్కడెందుకు అన్నది ఆమె వాదం. గోడలు పడిన వారానికి అల్లుడు జయప్రకాశ్ అంగడి ఫోనుకు చేసి ఇల్లెలా ఉందత్తా అని అడిగాడు. సరసమ్మ, ఎదురుగా ముళ్లకంచె కనిపిస్తుండగానే, ఇంటికేమి, నిక్షేపంగా ఉంది అని చెప్పింది. ఆ ఒక్క మాటతో తన మెడకు తనే గడువు కట్టుకుంది. ఇరవై మూడు రోజుల్లో మూడు గోడలు లేవాలి. లేవడమే కాదు, ముగిసిపోవాలి. కడుపుతో ఉన్న పిల్ల గడప తొక్కిన తర్వాత ఆ ఇంటి గోడ మీద ముద్ద పెట్టకూడదు, పార వెయ్యకూడదు. ఆ కట్టడిని వాళ్లలో ఎవరూ మీరరు. ఆఫీసు ఆర్డర్లను మీరేవాళ్లు కూడా.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలకు మాటలు నడిచాయి.

"ఇంక నాలుగు దినాలు తాళతాది ఈ మన్ను. ఆమైన రాయి."

"రాయి కానీ. ఆఫీసరు చూసేదాకా తాకొద్దన్నారు గదా. ఒక ఫోటో పడితే గవర్నమెంటు కాసు వస్తాది. సిమెంటు హాలోబ్లాకులో కట్టుకుందాము."

"నువ్వు హాలోబ్లాకు కట్టేలోపల నీ మనవడు స్కూలుకు పోతాడు."

"పోనీ. ఆ స్కూలన్నా సిమెంటే."

హాలోబ్లాకు మాట సరసమ్మకు ఎక్కడో తగిలింది గాని అప్పటికి ఊరుకుంది. మర్నాడు పొద్దున్నే రాజమాణిక్కం ఇంటికి పోయింది. బృందం కడత్తూరు వైపు పోయింది, రేపొస్తుంది అన్నాడు. నిన్నా అదే అన్నాడు, మొన్నా అదే. ఆమె అరవంలో నిదానంగా అడిగింది.

"మీరు చూసినారు గదా సార్ పడింది. చూసినట్టు ఒక కాగితంలో రాయండి, చాలు."

"నేను చూసింది నిజమేనమ్మా. కాని నేను చూస్తే చూసినట్టు కాదు."

"మరి ఎవరు చూస్తే చూసినట్టు?"

రాజమాణిక్కం వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. తన పైన ఇన్‌స్పెక్టరు చూడాలి, ఆయన చూసినట్టు తాసిల్దారు నమ్మాలి, తాసిల్దారు నమ్మినట్టు జిల్లా ఆఫీసు ఒప్పుకోవాలి. వరస మీద వరస. అయితే ఈ గోడలో ఏ వరసా బిగియడం లేదని సరసమ్మకు అర్థమైంది. పొద్దెక్కకముందే ఇంటికొచ్చి, పారతో ముళ్లకంచెను పక్కకు తోసి, చీర దోపుకుని కుప్పలో దిగింది. మన్ను చల్లగా, వెన్నలా మడమలకు పట్టింది. అంజనప్ప కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి పంచె మడిచి దిగాడు. తొక్కడం తన పని కాబట్టి.

పక్కింటి తిమ్మరాయన్ తన కుప్ప మీద నుంచి లేవకుండానే పలకరించాడు. "ఏమక్కా, గవర్నమెంటు సాక్ష్యాన్ని తొక్కేస్తా ఉండావు."

"మెత్తగా ఉండాదిరా. నీ సాక్ష్యం కూడా తెచ్చుకో, తొక్కిచ్చేస్తా."

తిమ్మరాయన్ నవ్వాడు గాని కదల్లేదు. ఇద్దరు మాత్రం ఆమె చూపిన దారి పట్టారు. మిగిలిన అయిదు ఇళ్లవాళ్లు కాచుకున్నారు. వాళ్లను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. చివరికి వాళ్లకు సాయం వచ్చింది కూడా, చిత్తిరై నెల ఎండల్లో. అప్పటికి కుప్పలు రాళ్లై, పెళ్లాం బిడ్డలు ఆరు నెలలు టార్పాలిను కింద ఉడికారు.

సరసమ్మకు అంత హాయిగా గడిచిన రోజులు ఈ మధ్య లేవు. నాలుగేళ్లుగా ఎవరూ మన్నుగోడ పెట్టమని పిలవలేదు. ధర్మపురిలో కాంక్రీటు గంపలు మోసి మోసి తన చేతులు తనవి కానట్టు తోచేది. ఇప్పుడు ముద్ద చేతిలోకి తీసుకోగానే ఎంత బరువు, ఎక్కడ వెయ్యాలి అన్నది చెయ్యే చెప్పింది. ఒక వరస, మూడు రోజుల ఎండ, ఇంకొక వరస. ఎండకు తనే ఎస్టిమేట్ ఇచ్చినట్టు అది ఒక్క రోజు కూడా తప్పలేదు. పదహారో రోజుకు గోడ దూలాన్ని ముట్టుకుంది. పెంకులెక్కాయి. ఇంకా వారం చేతిలో ఉంది.

ఆ వారంలో ఆమె చేసిన పని మన్నుపని వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. గోడకు వయసు పోసింది. మన్ను పాతదే కాబట్టి రంగు ఎలాగూ పాతగానే తేలింది. మునెమ్మ కళ్లు పాలకోడు మండీలో టమేటా బుట్ట అడుగున ఉన్న కాయను కనిపెట్టే కళ్లు. వాటికి అది చాలదు. పొయ్యి పైన పొగ మసి రుద్దింది. అంజనప్ప ముప్పై ఏళ్లుగా తల ఆనించే చోట నూనె జిడ్డు మరక పెట్టింది. క్యాలెండరు తీసిన చోట కాస్త తెల్లగా ఉండాలని తెల్లగా వదిలింది. కిటికీ కింద, పాత గోడలో ఉన్నట్టే, వంకరగా ఒక నెర్ర గీసి, దాన్ని ఎప్పుడో పూడ్చినట్టు పూడ్చింది. చివరి రోజు దూరంగా నిలబడి చూసి, బాగుందని తనలో తను అనుకుంది. ఇల్లు పడిందా లేదా అని అంజనప్పకే ఒక క్షణం అనుమానం వచ్చింది.

శుక్రవారం ఉదయం టమేటా టెంపోలో ఉషా వచ్చింది, వెంట మునెమ్మ. ఉషా గడప దాటి గోడలను ఒకసారి చూసింది, తల్లి మొహాన్ని ఒకసారి చూసింది, నీళ్లడిగి మంచం మీద వాలింది. అది మన్నుపని వాళ్ల బిడ్డ, చెప్పాల్సిన పని లేదు. మునెమ్మ మాత్రం ఇంటి చుట్టూ తిరిగింది. వానకు ఈ వైపు ఇళ్లు పడ్డాయంటే భయపడ్డానంది. నెర్ర దగ్గర ఆగింది, మసి దగ్గర ఆగింది. లోపలికి వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చుని కాఫీ పుచ్చుకుంది.

అప్పుడొచ్చింది జీపు.

నెల రోజులుగా రాని జీపు ఆ పూటే వచ్చింది. ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, కళ్ల కింద నలుపు. వానలు వచ్చింది మొదలు నిద్ర లేనివాడిలా ఉన్నాడు. పక్కన రాజమాణిక్కం, చేతిలో జాబితా. అంజనప్ప ఎవరు, పడిన ఇల్లేది అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. అంజనప్ప ఇంటిని చూపించాడు. ఇన్‌స్పెక్టరు ఇంటిని చూశాడు, జాబితాను చూశాడు, మళ్లీ ఇంటిని చూశాడు.

"ఇది పడిందా? నేను పుట్టకముందు గోడ ఇది."

రాజమాణిక్కం గొంతు తగ్గించి, పడింది సార్, నేను చూశాను అన్నాడు. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చి నెర్ర మీద వేలు పెట్టాడు, తలుపు సందులోంచి పొగ మసి చూశాడు. అతను దుర్మార్గుడు కాదు, న్యాయమైన మాటే చెప్పాడు. కొత్త గోడైతే లోపల ఇంకా తడి ఉంటుంది. గడ్డపారతో ఒక జానెడు లోతు తవ్వి చూపిస్తే ఇప్పుడే రాసుకుంటానన్నాడు. అంజనప్ప మొహం వెలిగింది. గడ్డపార కోసం ఇంటి పక్కకు పరుగెత్తాడు.

సరసమ్మ గుమ్మంలో నిలబడింది. లోపల మంచం మీద ఉషా, గోడ దగ్గర మునెమ్మ. మునెమ్మ కాఫీ లోటా పెదవుల దాకా తెచ్చి అక్కడే ఆపింది. బయట గడ్డపార నేలకు తగిలిన చప్పుడైంది. జానెడు బెజ్జం పడితే కాగితం మీద ఇల్లు పడినట్టు రుజువవుతుంది. మునెమ్మ ముందూ రుజువవుతుంది. టెంపో ఇంకా పోలేదు, ఉషా సంచి ఇంకా విప్పలేదు.

"ఇల్లు పడలేదు సార్," అంది సరసమ్మ అరవంలో, లోపలికి కూడా వినపడేటట్టు. "మా ఆయన తెలియక పేరు రాయించినాడు. కొట్టేయండి."

అంజనప్ప గడ్డపార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్‌స్పెక్టరు, నష్టం జరగలేదని ఒప్పుకునే మనిషిని ఈ జిల్లాలో మొదటిసారి చూస్తున్నానని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, పేరు కొట్టేశాడు. రాజమాణిక్కం ఆమెను చూసి ఏదో అనబోయి మానుకున్నాడు. తను చూసినా చూసినట్టు కాదు కదా. జీపు తిమ్మరాయన్ కుప్ప దగ్గరికి పోయింది.

అంజనప్ప గడ్డపారను చూరు కింద పెట్టి, లోపలి వాళ్లకు వినపడకుండా గొణిగాడు. "జానెడు బెజ్జమే గదా. సాయంత్రానికి పూడ్చేసేదానివి."

"బిడ్డ లోపలుండగానా? నోరు మూసుకొని కోడిని పట్టు పో."

అతను కోడి వెంట పడ్డాడు. సరసమ్మ లోపలికి పోయి, మునెమ్మ చేతిలో ఖాళీ లోటా అందుకుంది. వాళ్లెవరని మునెమ్మ అడగలేదు. టెంపో వాడిని పొమ్మని కేక వేసింది, తను రేపు బస్సులో వస్తానంది. ఉషా సంచి తనే విప్పి చీరలు తీసి దండెం మీద వెయ్యసాగింది. వేస్తూ వేస్తూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"వదినా, గోడ శానా బాగా పెట్టినావు. మసి కూడా సరిగ్గా పడింది."

మునెమ్మ ఇంకో చీర దులిపి దండెం మీద వేసింది.

"పచ్చి ఇంకా పోలేదు. ఆనుకుంటే నా ఈపంతా చల్లగా అయింది. బాలింత పడుకునే చోటు గదా. పదైదు దినాలు పగటిపూట లోపల బొగ్గుల కుంపటి పెట్టి ఆర్చు. ఈ మంచాన్ని గోడకు ఆనించొద్దు."

సరసమ్మ లోటా కింద పెట్టింది. మునెమ్మ ఒక వైపు పట్టింది, తను ఒక వైపు పట్టింది. ఉషాను లేపకుండానే మంచాన్ని రెండడుగులు లోపలికి జరిపారు.